హాలు కూలకముందు ఏమేం దాచుకోవాలి?

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో ఓ చిన్న ఊళ్లో మా తాతయ్య కట్టించిన సినిమా హాలు ఉంది. కొన్నేళ్లుగా మూతబడి ఉంది. ఈమధ్యే పెదనాన్నగారు అమ్మేశారు. కొన్నవాళ్లు సంక్రాంతి దాటగానే పడగొట్టి ఫంక్షన్ హాలు కడతారట. లోపల రెండు ప్రొజెక్టర్లు, పాత లెక్కల పుస్తకాలు, నాలుగైదు ఫిల్ము డబ్బాలు ఉన్నాయి. ఆ హాలు చరిత్ర ఒక పుస్తకంగా రాయాలని నా కోరిక. మొదటి చిక్కే పెద్దది: హాలు 1958లో మొదలైందని ఇంట్లోవాళ్లు అంటారు, 1962 అని ఊళ్లోవాళ్లు అంటారు. ప్రొజెక్టర్లు కొంటామని ఒక హోటలువాళ్లు అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక పాఠకురాలు

సమాధానం: కాగితాలతో మొదలుపెట్టండి. ప్రొజెక్టరు ఇనుప వస్తువు, నెల్లాళ్లు ఆగినా దానికేమీ కాదు. హాలు ఖాళీ చేయడానికి కూలీలు దిగితే మొదటి రోజే బుకింగ్ గది ఊడ్చి, కాగితాలన్నీ పోగేసి అంటిస్తారు. అందుకని మొదటి వారమంతా బుకింగ్ గదిలో, మేనేజరు గదిలోనే ఉండండి. బీరువా వెనక, అటక మీద, మెట్ల కింద కూడా చూడండి.

మీరు వెతకాల్సిన వాటిలో మొదటిది డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టు. ఒక్కో ఆటకి ఒక్కో తరగతిలో (నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ) టికెట్టు ఏ నంబరు దగ్గర మొదలై ఏ నంబరు దగ్గర ఆగిందో, రేటెంతో, పన్నెంతో, డిస్ట్రిబ్యూటరు వాటా ఎంతో అందులో ఉంటుంది. నేల టికెట్టు మొదటి నంబరు 4512, ఆఖరి నంబరు 4729 అయితే ఆ ఆటకి నేలలో 218 మంది కూర్చున్నారన్నమాట. ఏ సినిమా ఎన్ని రోజులు ఆడింది, ఎన్నో రోజుకి జనం తగ్గారు, వ్యవసాయం పనులున్న నెలల్లో ఏ ఆట పడుకుంది, సంతరోజున మ్యాట్నీ ఎలా ఉండేది అన్నవి ఊళ్లో ఎవరి జ్ఞాపకంలోనూ ఇంత కచ్చితంగా దొరకవు. హాలు చరిత్రకి వెన్నెముక ఈ పుస్తకాలే.

తర్వాత బి-ఫారం (సినిమా హాలు నడుపుకోవడానికి ఇచ్చే) లైసెన్సు ఫైలు, దాంతోపాటు ఉండే ఆర్ అండ్ బీ ఇంజనీరు సర్టిఫికెట్, ఫైర్, ఎలక్ట్రికల్ సర్టిఫికెట్లు. డిస్ట్రిబ్యూటర్లతో రాసుకున్న ఒప్పందాలు, సినిమా వెంట వచ్చే రిప్రజెంటేటివ్ సంతకాలు, వాడకుండా మిగిలిన టికెట్టు పుస్తకాలు, కరపత్రాలు, హాలు ముందు అమ్మిన పాటల పుస్తకాలు, ఇంటర్వెల్లో వేసే గాజు స్లైడ్లు కూడా తీసి పెట్టుకోండి. స్లైడ్లను తడిగుడ్డతో తుడవొద్దు. వాటి మీద చేత్తో రాసిన అక్షరాలు నీటికి కరిగిపోతాయి. బట్టల కొట్టు, పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం), టైలరు షాపు ప్రకటనలున్న ఆ స్లైడ్లే మీ ఊరి బజారుకి పాత జాబితా.

కాగితాలు తీసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. ఎలుకల మూత్రం, బూజు ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే పేజీలు వంకరపోయి అతుక్కుంటాయి. నీడలో, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్లకాగితం పెట్టి ఆరబెట్టండి. సెల్లోటేపు అంటించొద్దు, ల్యామినేషన్ అసలే చేయించొద్దు, అది మళ్లీ ఊడదు. తుప్పు పట్టిన పిన్నులూ క్లిప్పులూ తీసేయండి. నాఫ్తలీన్ గోళీలు కాగితానికి తగలకూడదు. కార్బన్ పేపరు పెట్టి రాసిన నకళ్లు వెలిసిపోతున్నాయి కాబట్టి వాటిని ముందు స్కాన్ చేయండి. మామూలు కాగితాలకు 300 డీపీఐ చాలు. టికెట్లకు, ఫొటోలకు 600 పెట్టండి. స్కానర్ లేకపోతే కిటికీ వెలుగులో, ఫోన్ని పేజీకి నిటారుగా పైన పట్టుకుని, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఫైలు పేరులో ఏడాది, నెల, పుస్తకం నంబరు, పేజీ నంబరు ఉండాలి. వెయ్యి ఫొటోలు తీశాక పేర్లు పెట్టుకుందామనుకుంటే ఆ పని ఎన్నటికీ తెమలదు.

ఇక 1958, 1962 తగువు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. చాలా ఊళ్లలో మొదట టూరింగ్ టాకీసు డేరా వేసేవారు. జనం వస్తారని తేలాక అదే స్థలంలోనో ఆ పక్కనో పక్కా హాలు కట్టి అదే పేరు పెట్టేవారు. కుటుంబం వ్యాపారం మొదలుపెట్టిన ఏడాది చెబుతుంది, ఊరు గోడలు లేచిన ఏడాది చెబుతుంది. టూరింగ్ సినిమాకీ, పర్మనెంట్ హాలుకీ లైసెన్సు వేరు కాబట్టి మొదటి లైసెన్సు ఏ రకందో చూస్తే తేలిపోతుంది. మీ దగ్గర కాగితం లేకపోతే కలెక్టరేట్‌లోనో ఆర్డీవో ఆఫీసులోనో ఫైలు ఉండొచ్చు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి ఆఫీసుకి రుసుము 10 రూపాయలు, మండల స్థాయికి 5, జవాబుకి గడువు 30 రోజులు. "హాలు చరిత్ర ఇవ్వండి" అని రాస్తే తిప్పి పంపుతారు. హాలు పేరు, ఊరు, సర్వే నంబరు రాసి, "మొదటి లైసెన్సు నకలు, రెన్యువల్ రిజిస్టరులో ఈ హాలు పేరున్న పేజీల నకళ్లు" అని అడగండి. ఒకప్పుడు ఈ ప్రాంతం వేరే జిల్లాలో ఉండేది కాబట్టి పాత ఫైలు మీ ఊరు ఏ జిల్లా కిందుండేదో అక్కడే ఉండిపోయి ఉండొచ్చు. ఒంగోలులో లేదన్నారని వదిలేయకండి.

తేదీ లేని కాగితాల వయసు తేల్చడానికి కొన్ని గుర్తులున్నాయి. టికెట్టు మీద రేటు అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కి ముందు అచ్చయిందని దాదాపు చెప్పొచ్చు. "దాదాపు" అనడం ఎందుకంటే పాత నాణేలు ఆ తర్వాత కొన్నాళ్లు చెలామణిలోనే ఉన్నాయి, అచ్చయిన పాత పుస్తకాలను కూడా అయిపోయేదాకా వాడుకునేవారు. "నయాపైసలు" అని ఉంటే 1957-64 మధ్యది. 1964 జూన్ నుంచి "నయా" పోయి ఉత్త పైసలయ్యాయి. లెటర్‌హెడ్ మీద గుంటూరు, నెల్లూరు లేదా కర్నూలు జిల్లా అని ఉంటే 1970 ఫిబ్రవరికి ముందుది. ఒంగోలు జిల్లా అని ఉంటే 1970-72 మధ్యది, ప్రకాశం అని ఉంటే ఆ తర్వాతది. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 కంటే పాతది కాదు. ఒక్క గుర్తుని పట్టుకుని తీర్పు చెప్పకండి. రెండు మూడు కలిస్తేనే నమ్మండి.

పత్రికలూ చూడాలి. వేటపాలెం సారస్వత నికేతనం మీకు దగ్గర, పాత పత్రికలకు పేరున్న గ్రంథాలయం. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను డిజిటైజ్ చేసి పెట్టింది. సినిమా ప్రకటనల్లో అడుగున కేంద్రాల జాబితా ఉంటుంది, మీ ఊరి పేరు అక్కడ వెతకండి. అయితే ఒక జాగ్రత్త: ప్రింట్లు తక్కువగా ఉన్న రోజుల్లో పెద్ద ఊళ్లలో ఆడాకే చిన్న ఊళ్లకి ఫిల్ము బాక్సు వచ్చేది. కాబట్టి సినిమా విడుదల తేదీని మీ హాల్లో మొదటి ఆట తేదీగా రాస్తే తప్పవుతుంది. అందరూ ఒప్పుకున్న తేదీలు కూడా తప్పు కావచ్చు. మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అనుకున్నారు. సెన్సార్ వివరాలూ, ఆనాటి పత్రికలూ వెతికితే అది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. తెలుగు సినిమా పుట్టిన రోజు విషయంలోనే అంత పొరపాటు జరిగితే ఒక ఊరి హాలు విషయంలో జరగదా?

డీసీఆర్ చదివేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు వినోదపు పన్ను టికెట్టు టికెట్టుకీ ఉండేది. 1984 జనవరి 1 నుంచి స్లాబ్ పద్ధతి వచ్చింది, హాలు నిండితే ఆటకి ఎంత వసూలవుతుందో ఆ మొత్తం మీద పన్ను లెక్కగట్టారు. కాబట్టి 1984కి ముందు పన్ను మొత్తాన్ని బట్టి జనం సంఖ్య సరిచూసుకోవచ్చు, తర్వాతి ఏళ్లలో అలా కుదరదు. ఏ కాలంలోనైనా పుస్తకంలోని సంఖ్య కనీస సంఖ్యే. పాసుల మీద వచ్చినవాళ్లు, ఒళ్లో కూర్చున్న పిల్లలు అందులో లేరు.

ఇప్పుడు ఆపరేటర్ గది. అక్కడికి పెద్దవాళ్లు మాత్రమే వెళ్లండి, పిల్లల్ని రానివ్వకండి. మూడు ప్రమాదాలున్నాయి. ఒకటి, కార్బన్‌లకు (ప్రొజెక్టర్‌లో వెలుగునిచ్చే కడ్డీలకు) డీసీ కరెంటు ఇచ్చే రెక్టిఫయర్. పాతదైతే లోపల పెద్ద గాజు బల్బు, అందులో పాదరసం ఉండొచ్చు. దాన్ని పెట్టెలోంచి తీయొద్దు, పక్కకి వంచొద్దు. పగిలితే కిటికీలు తెరిచి అందరూ బయటికి వచ్చేయండి, చీపురుతో ఊడిస్తే పాదరసం చిన్న చుక్కలై గదంతా పాకుతుంది. రెండు, తర్వాతి రోజుల్లో కార్బన్‌ల స్థానంలో జెనాన్ దీపం పెట్టి ఉంటే, అది చల్లగా ఉన్నప్పుడు కూడా లోపల వాయువు గట్టి ఒత్తిడిలో ఉంటుంది. గీత పడినా జారిపడినా బాంబులా పేలుతుంది. ముఖానికి షీల్డు, మందపాటి గ్లవ్స్ వేసుకున్న పాత ఆపరేటరో సర్వీసు మెకానిక్కో తీయాలి తప్ప మీరు ముట్టుకోవద్దు. మూడు, ల్యాంప్‌హౌస్ (ప్రొజెక్టర్‌లో దీపం ఉండే పెట్టె) తీగల చుట్టూ ఉండే తెల్లని నారలాంటి తొడుగు ఆస్‌బెస్టాస్ అయ్యుండొచ్చు. హాలు పైకప్పు ఆస్‌బెస్టాస్ రేకులైతే, వాటిని పగలగొట్టకుండా తడిపి, రేకు రేకుగా దించమని కొన్నవాళ్లకి ముందే చెప్పండి.

ఫిల్ము డబ్బాలు తెరిచేటప్పుడు ఆరుబయట, నీడలో తెరవండి. దగ్గర్లో దీపం, సిగరెట్టు ఉండకూడదు. హాళ్లలో సాధారణంగా పూర్తి సినిమా మిగలదు, ఆడిన ప్రింటు డిస్ట్రిబ్యూటరుకి వెళ్లిపోతుంది. మిగిలేవి ట్రైలర్లు, వ్యాపార ప్రకటనలు, ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలు, తెగిన పాటల ముక్కలు. ఫిల్ము అంచున "సేఫ్టీ" అని ఇంగ్లీషులో కనిపిస్తే అది మంటలంటుకునే రకం కాదు. "నైట్రేట్" అని ఉన్నా, లేదా గోధుమరంగు పొడి, జిగురు, తేనెలాంటి పొర కనిపించినా మూత వదులుగా పెట్టి, ఇంటికి దూరంగా చల్లటి చోట ఉంచి, ఫైర్ స్టేషన్‌కి చెప్పండి. బాగా చెడిన నైట్రేట్ 41 డిగ్రీల వేడికే అంటుకోగలదు, మీ జిల్లాలో మే నెల ఎండ అంతకంటే ఎక్కువ. 1950ల తొలినాళ్లలో దాని తయారీ ఆగిపోయింది కాబట్టి మీ డబ్బాల్లో ఉండే అవకాశం తక్కువే, అయినా అంచు చూడకుండా ఊహించొద్దు. సేఫ్టీ ఫిల్ము ఘాటుగా వెనిగర్ వాసన కొడుతుంటే చెడడం మొదలైందని అర్థం. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టండి, ప్లాస్టిక్ సంచిలో బిగించొద్దు, గాలి ఆడాలి. ఏ ఫిల్మునీ "ఒక్కసారి వేసి చూద్దాం" అని ప్రొజెక్టర్‌లో పెట్టకండి. ఎండి కుంచించుకుపోయిన ఫిల్ము చిల్లులు పళ్లచక్రానికి సరిపోవు, మొదటి గజంలోనే చిరిగిపోతుంది. పుణెలో 1964లో మొదలైన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి (ఇప్పుడది జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ, అంటే ఎన్‌ఎఫ్‌డీసీలో భాగం) అంచు అక్షరాల ఫొటో, వెడల్పు, సుమారు పొడవు రాసి పంపండి. పాటల పుస్తకాలు, పోస్టర్లు కూడా వాళ్లు భద్రపరుస్తారు.

కూల్చేలోపు హాలుని టేపుతో కొలవండి. హాలు పొడవు, వెడల్పు, తెర కొలతలు, తెర నుంచి ప్రొజెక్టర్ కిటికీ దాకా దూరం, నేల వాలు, ఒక్కో తరగతిలో వరసలు, ఆడవాళ్లకి విడిగా అడ్డుగోడ ఉండి ఉంటే దాని ఆనవాళ్లు. తెర పక్కల గోడ మీద పాత ఫ్రేము మేకులు, రంగు తేడా కనిపిస్తాయి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ "అల్లూరి సీతారామరాజు" 1974లో వచ్చాక చాలా హాళ్లు తెరని వెడల్పు చేశాయి. మీ హాలు ఎప్పుడు చేసిందో పాత లెక్కల పుస్తకాల్లో ఖర్చుల పద్దు చెప్పొచ్చు.

మనుషుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ కొలతలూ ఫొటోలూ వెంట తీసుకెళ్లండి. "మీ జ్ఞాపకాలు చెప్పండి" అంటే అందరూ ఒకటే చెబుతారు: ఈలలు, చిల్లర విసరడం, కిక్కిరిసిన జనం. వస్తువు చేతికిచ్చి అడిగితే మాట మారుతుంది. ఆపరేటర్‌కి కార్బన్ కడ్డీ ముక్క చూపించి, వెలుగు గోధుమరంగుకి తిరిగితే ఏం సర్దేవారో అడగండి. రెండు కడ్డీల మధ్య ఎడం తప్పితే రంగు మారేది, ఎడం సరిచేస్తూ ఉండడమే ఆయన సగం ఉద్యోగం. ఒక రీలు అయిపోయి రెండో ప్రొజెక్టర్‌కి మెషీన్ మార్చేటప్పుడు తెర కుడి పై మూలన చుక్కలు ఎలా చూసుకునేవారో చెప్పమనండి. మొదటి చుక్క రీలు అయిపోవడానికి ఎనిమిది సెకన్ల ముందు పడుతుంది, అప్పుడు రెండో మెషీన్ మోటారు వేయాలి. ఆఖరి సెకనులో రెండో చుక్క, అప్పుడు మార్చాలి. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 16,200 అడుగుల సినిమా అంటే సరిగ్గా మూడు గంటలు. వెయ్యి అడుగుల రీళ్లను రెండేసి కలిపి ఒక స్పూలుకి ఎక్కించినా ఆటకి ఎనిమిది సార్లు మెషీన్ మార్చాలి. రోజుకి మూడు ఆటలు, ఎండాకాలంలో, కార్బన్ పొగ మధ్య. ఆపరేటర్ దగ్గర ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన లైసెన్సు కార్డు ఉంటే ఫొటో తీసుకోండి, పుస్తకంలో ఆయన పేరు ఓనరు పేరంత స్పష్టంగా రావాలి.

బుకింగ్ గుమాస్తా, గేటు దగ్గర టికెట్టు చింపినవాళ్లు, సైకిల్ స్టాండు కాంట్రాక్టరు, సోడా కొట్టువాళ్లు, రిక్షాలో మైకు పెట్టి ఊరూరా తిరిగినవాళ్లు, పోస్టర్లు అంటించినవాళ్లు, అందర్నీ విడివిడిగా కలవండి. మొదటే ఒకచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే అందరి జ్ఞాపకం అవుతుంది. ఆ తర్వాత ఇద్దరు ముగ్గుర్ని కలిపి కూర్చోబెడితే ఒకరినొకరు సరిదిద్దుకుంటారు. ఆడవాళ్లని ఆడవాళ్ల మధ్యనే అడగండి. ఏ ఆటకి వెళ్లనిచ్చేవారు, ఎవరు తోడు రావాలి, చంటిపిల్లలతో ఎక్కడ కూర్చునేవారు అన్నది మగవాళ్లు చెప్పలేరు. ఎవరు ఎక్కడ కూర్చునేవారు, ఎవర్ని ఎక్కడ కూర్చోనిచ్చేవారు కాదు అన్నది కూడా మొహమాటపడకుండా అడిగి రాయండి. అది లేని చరిత్ర సగం చరిత్రే. ఏడాది గుర్తులేనివాళ్లకి 1972 జై ఆంధ్ర ఉద్యమం, 1977 నవంబరు తుపాను లాంటివి చెప్పి, "అంతకు ముందా, తర్వాతా?" అంటే చాలు. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ఫ్లైట్ మోడ్ పెట్టి, ఫ్యాను ఆపి, మనిషికి అడుగు దూరంలో ఉంచండి. మొదట తేదీ, ఊరు, పేరు చెప్పించండి. గంట దాటితే పెద్దవాళ్లు అలిసిపోతారు, మర్నాడు మళ్లీ వెళ్లండి.

ప్రొజెక్టర్ల సంగతి ఆఖర్న. హోటలువాళ్లకి ఒకటి ఇవ్వడంలో తప్పు లేదు, ఇంకొకటి మాత్రం అన్ని భాగాలతో మీ దగ్గరే ఉంచండి. రెండింటిలోంచి మంచి భాగాలు ఏరుకుంటామంటే ఒప్పుకోవద్దు. అన్నిటికంటే ముందు మాయమయ్యేవి లెన్సులు, వాటిని ఈ రోజే తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న పలక ఫొటో తీసుకోండి. విప్పేటప్పుడు స్పూలు పెట్టెలు, ల్యాంప్‌హౌస్, హెడ్ (బొమ్మ వేసే భాగం), సౌండ్ హెడ్ (ధ్వని చదివే భాగం), చివరికి స్టాండు, ఈ వరసలో దించండి. ప్రతి దశకీ ఒక ఫొటో, ప్రతి భాగం బోల్టులకి పేరు రాసిన ఒక సంచి. బిగుసుకుపోయిన గేర్లని మోటారుతో తిప్పొద్దు. కుట్టు మిషను నూనె చుక్కలు వేసి, ఒక రోజు ఆగి, చేత్తో తిప్పే నాబ్‌తో కొంచెం కొంచెంగా కదపండి. కొత్త రంగు వేయించకండి, పాత రంగూ చేతుల అరుగుదలా అలాగే ఉండాలి. విప్పే రోజున పాత ఆపరేటర్‌ని పిలిచి, కూలి ఇచ్చి, ఆయన చెప్పినట్టు చేయండి. మొదటి బోల్టు విప్పకముందే రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి.